పక్కింటి పనస కొమ్మలు మన పెంకుల మీదికి వచ్చాయి: నరకవచ్చా, కాయలెవరివి, కూలితే నష్టం ఎవరిది?

ప్రశ్న అడిగినవారిది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కవారి పెరట్లో పాత పనస చెట్టు ఉంది. కొమ్మలు వీరి పెంకుటింటి మీదికి వాలాయి, గాలి వేసినప్పుడల్లా పెంకులు జారుతున్నాయి. ఒక వేరు ప్రహరీ కిందికి దూరి గోడ పగిలింది. చెట్టుగల పెద్దాయనకి చెబితే "మా నాన్నగారు నాటిన చెట్టు, ఆకు తుంచినా ఊరుకోను" అన్నారట. కొమ్మలు మేమే కొట్టించుకోవచ్చా, మా వైపు ఉన్న కాయలు మావేనా, తుఫానుకి చెట్టు ఇంటి మీద పడితే నష్టం ఎవరు కట్టాలి, పోలీసు స్టేషన్‌కి వెళ్లాలా కోర్టుకి వెళ్లాలా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ హద్దు దాటి వచ్చిన కొమ్మని, వేరుని హద్దు గీత దాకా మీరు కొట్టించుకోవచ్చు. గీత దాటి జానెడు కూడా కొట్టకూడదు, వాళ్ల స్థలంలో కాలు పెట్టకూడదు. కొట్టిన కొమ్మ, దాని మీది కాయలు చెట్టుగలవారివే. చెట్టు కూలి నష్టం జరిగితే, అది ప్రమాదంగా ఉందని ఆయనకి ముందే తెలుసని మీరు చూపించగలిగితే ఆయన కట్టుకోవాలి. చూపించలేకపోతే మీకు పైసా రావడం కష్టం. అందుకే మీరు మొదట చేయాల్సిన పని మనిషిని పిలిచి గొడ్డలి ఇవ్వడం కాదు. పట్టా తీయండి, హద్దు తేల్చుకోండి, ఆయనకి ఒక ఉత్తరం రాయండి.

నేను గజపతి, రాయగడ జిల్లాల కోర్టుల్లో చాలా ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్న వకీలుని. నా దగ్గరికి వచ్చే కక్షిదారుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. చెట్టు తగాదాలు చిన్నవిగా మొదలై ఇళ్ల మధ్య మాటలు పోయేదాకా వెళ్లడం కళ్లారా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక అపోహ తీసేయాలి. మన ఇళ్లల్లో ఏ తగాదా వచ్చినా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న బంధువుని అడుగుతాం. ఆయన "వాల్టా చట్టం ఉంది, చెట్టు ముట్టుకుంటే జరిమానా వేస్తారు" అంటాడు. వాల్టా అంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం. పాతపట్నంలో చెల్లుతుంది, నది దాటి పర్లాకిమిడి వస్తే చెల్లదు. మహారాష్ట్ర వైపు సిరొంచ, కిన్వట్, ధర్మాబాద్‌లలో ఉన్న మనవాళ్లకి మళ్లీ వేరే చట్టాలు: పల్లెల్లో చెట్ల నరికివేతకి 1964 నాటిది, పట్టణాల్లో చెట్ల రక్షణకి 1975 నాటిది. అక్కడ కొన్ని జాతుల మీద, పట్టణ చెట్ల మీద గొడ్డలి వేయాలంటే ముందు అనుమతి కావాలి. కాబట్టి ఎవరి సలహా అయినా ఏ రాష్ట్రం చట్టం ప్రకారం చెబుతున్నారో అడిగి తీసుకోండి.

ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య చెట్టు తగాదాలో అసలు సూత్రాలు మాత్రం దేశమంతా దాదాపు ఒకటే. 1894లో లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ 'లెమన్ వర్సెస్ వెబ్' కేసులో ఒక మాట చెప్పింది. పక్కవాడి చెట్టు కొమ్మ నా స్థలం మీదికి వస్తే, నేను వాడి స్థలంలోకి వెళ్లకుండా, నోటీసు కూడా ఇవ్వకుండా దాన్ని కొట్టుకోవచ్చు అని. మన కోర్టులూ ఆ దారిలోనే నడిచాయి.

అవతలి వకీలు తప్పకుండా తెచ్చే వాదన ఒకటుంది. "ఇరవై ఏళ్ల నుంచి కొమ్మ అక్కడే ఉంది, మీరు ఏనాడూ అడగలేదు, కాబట్టి మాకు హక్కు వచ్చేసింది" అంటారు. దారి హక్కుకి, నీళ్ల హక్కుకి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఆ ఇరవై ఏళ్ల లెక్క ఉంది. అది మద్రాసు ప్రెసిడెన్సీకి మొదట్లోనే వర్తించిన చట్టం, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే మన పెద్దలకి ఈ ఇరవై ఏళ్ల మాట బాగా అలవాటు. కానీ కొమ్మకి అది పనికిరాదు. కొమ్మ ఏటేటా పెరుగుతుంది, ఈ ఏడు ఉన్నచోట పోయిన ఏడు లేదు. రోజూ మారేదాని మీద స్థిరమైన హక్కు పుట్టదు. మీ నాన్నగారు ఊరుకున్నారు కాబట్టి మీరూ ఊరుకోవాలనేమీ లేదు.

ఇప్పుడు హద్దు సంగతి. నా అనుభవంలో చెట్టు తగాదాల్లో చాలా వాటికి మూలం హద్దు తెలియకపోవడమే. గోడ ఉన్నచోటే హద్దు అనుకుంటాం. గోడ కట్టినవాడు రెండడుగులు లోపలికి కట్టుకుని ఉండవచ్చు, బయటికి జరిపి ఉండవచ్చు. మీ ఇద్దరి పట్టాలూ తీయండి. ఒడిశాలో భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఖాతా నంబరు, ప్లాట్ నంబరు కొడితే ఆర్.ఓ.ఆర్. (భూమి హక్కుల పత్రం) వస్తుంది, నక్షా (ప్లాట్ల పటం) కూడా దొరుకుతుంది. అంతా ఒడియా లిపిలో ఉంటుంది. మన పిల్లలు బడిలో ఒడియా చదువుకుంటున్నారు కాబట్టి చదివించుకోవచ్చు, కానీ కిస్సం అనే గడిని మాత్రం తెలిసినవారితో చూపించుకోండి. ఆ భూమి ఏ రకమో అందులో ఉంటుంది: ఘరబారి అంటే ఇళ్ల స్థలం, రాస్తా అంటే దారి, ఇలా.

కాశీనగర్ వైపు ఒక చింత చెట్టు కేసు చెప్తాను. రెండు పొలాల మధ్య గట్టు మీద పెద్ద చింత. ఇద్దరు అన్నదమ్ముల వరసవాళ్లే, పంట వచ్చినప్పుడల్లా చింతపండు నాదంటే నాదని కొట్టుకునేవారు. ఒకాయన కోపంతో సగం కొమ్మలు కొట్టించేశాడు, రెండో ఆయన నా దగ్గరికి వచ్చాడు. నేను దావా రాయడానికి ముందు తహసీల్ ఆఫీసులో కొలతకి దరఖాస్తు పెట్టించాను. అమీన్ (భూమి కొలిచే ఉద్యోగి) వచ్చి నక్షా గట్టు మీద పరిచి, రెండు పొలాల మూలరాళ్ల నుంచి గొలుసు లాగి కొలిచాడు. గొలుసు చెట్టు మొదలు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడకుండా నిలబడిపోయారు. మొదలు ఇద్దరి ప్లాటులోనూ లేదు, పక్కనే సన్నగా పోయే రాస్తా ప్లాటులో ఉంది. అంటే చెట్టు సర్కారుది. కొమ్మలు కొట్టించినాయన రెవెన్యూ వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. తరతరాలుగా కాయలు కోసుకున్న రెండు ఇళ్లకీ ఆ చెట్టు మీద కాగితం హక్కు లేదని ఆ రోజే తెలిసింది.

మీ కేసులో కూడా పనస మొదలు ఎక్కడుందో ముందు తేలాలి. మొదలు ఎవరి భూమిలో ఉంటే చెట్టు వాళ్లది, నాటింది ఎవరైనా సరే. భూమి అమ్మితే, వేరే మాట రాసుకోకపోతే, చెట్టూ దానితోనే పోతుంది. మొదలు సరిగ్గా గీత మీద ఉంటే మాత్రం ఇద్దరిదీ ఉమ్మడి, ఒకరి ఒప్పుదల లేకుండా ఇంకొకరు కొట్టకూడదు, కాయలు పంచుకోవాలి.

గీత తేలాక కొమ్మ కొట్టడం గురించి ఒక సంగతి చెప్పాలి. చట్టం మీకు గీత దాకా హక్కు ఇచ్చింది. కానీ గీత దగ్గర కొట్టడం చెట్టుకీ మంచిది కాదు, మీ ఇంటికీ మంచిది కాదు. కొమ్మని మధ్యలో నరికితే ఆ మోడు నుంచి గుబురుగా పిలకలు వేస్తాయి. రెండేళ్లలో అదే చోట మునుపటికన్నా దట్టంగా, బలహీనంగా అతుక్కున్న కొమ్మలు మీ పెంకుల మీద ఉంటాయి. కొట్టిన చివర వాన నీళ్లు దిగి కుళ్లు పడుతుంది. సరైన కోత కొమ్మ మొదలు దగ్గర పడాలి. కొమ్మ మానుకి కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే మెడకి కాస్త ఇవతల కోస్తే చెట్టు ఆ గాయాన్ని తానే మూసుకుంటుంది. ఆ చోటు మీ పక్కింటాయన స్థలంలో ఉంది. అక్కడ రంపం పెట్టాలంటే ఆయన ఒప్పుకోవాలి.

అందుకే నేను నా కక్షిదారులకి హక్కు ఉందని చెబుతూనే, ఒప్పందం కోసం గట్టిగా ప్రయత్నించమంటాను. హక్కు వాడుకుంటే రెండేళ్లకొకసారి ఇదే గొడవ, ఒప్పందమైతే ఒక్కసారితో పోతుంది.

పెద్దాయనతో మాట్లాడేటప్పుడు మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పనస మానుకి, లావు కొమ్మలకి కాస్తుంది, చివరి రెమ్మలకి కాదు. మీ ఇంటి మీదికి వచ్చినవి సన్న కొమ్మలైతే అవి తీసేసినా ఆయన కాపు పెద్దగా తగ్గదు. ఈ మాట చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించి చెప్పండి. "నాన్నగారి చెట్టు" అన్న మనిషికి భయం చెట్టు పోతుందేమోనని. చెట్టు పోదని కళ్లకి కనబడితే మాట మెత్తబడుతుంది. మామిడి అయితే ఇలా చెప్పలేం, అది కొమ్మల చివర పూస్తుంది, కోసిన ప్రతి కొమ్మకీ ఆ ఏటి కాపు పోతుంది. అప్పుడు కాయలు కోసుకున్నాక, పూతకి చాలా ముందు కొట్టేలా ఒప్పించాలి.

కొట్టే మనిషిని చూసి పెట్టుకోండి. లావు కొమ్మని పైనుంచి ఒకే ఏటున కొడితే, బరువుకి విరిగి పడేటప్పుడు బెరడు మాను దాకా చీల్చుకుంటూ దిగుతుంది. ముందు కింది వైపు నుంచి మూడో వంతు కోయాలి, తర్వాత కొంచెం బయటికి జరిగి పైనుంచి కోయాలి, కొమ్మ పడ్డాక మిగిలిన మోడుని మెడ దగ్గర శుభ్రంగా తీయాలి. తాడు కట్టి దించకపోతే మీ పెంకులే పగులుతాయి. అవతలి వారి వస్తువు మీద పడితే ఆ నష్టం మీ మీదికి వస్తుంది.

వేరు సంగతి ఇంకా జాగ్రత్త. మీ స్థలంలోకి వచ్చిన వేరుని కూడా కొట్టుకునే హక్కు మీకుంది. గోడ పగలడానికి ఆ వేరే కారణమని చూపిస్తే మరమ్మత్తు ఖర్చు అడగవచ్చు కూడా. కానీ మీ గోడ చెట్టు మొదలుకి దగ్గరగా ఉండి, మీరు ఒక వైపు లావు వేర్లన్నీ తెగ్గొడితే, చెట్టు పట్టు పోయి గాలికి రెండో వైపు పడుతుంది. అటు ఆయన ఇల్లుంది. అప్పుడు "నా హక్కు ప్రకారం కొట్టాను" అన్నంత మాత్రాన కోర్టులో నిలబడలేరు, అజాగ్రత్త కింద నష్టపరిహారం దావా వస్తుంది. నా సలహా: వేరు మీద చెయ్యి వేసే ముందు పగులు ఫొటోలు తీయండి, పునాది దగ్గర ఒక అడుగు తవ్వించి వేరు గోడ కిందికి ఎలా దూరిందో కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయండి, ఒక సివిల్ ఇంజనీరుతో రెండు ముక్కలు రాయించుకోండి. రుజువు లేకుండా వేరు కొట్టేస్తే గోడ ఎందుకు పగిలిందో తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

గోడలో మొలిచే రావి, మర్రి వేరే కథ. పిట్ట రెట్టతో పడిన గింజ మొలిచి గోడ చీలుస్తుంది. మొలక మీ గోడలో ఉంటే అది మీదే, చిన్నగా ఉన్నప్పుడే తీసేయండి. దేవుడి చెట్టు అని చాలామంది ఆగుతారు. మా వాళ్లలో పూజ చేసి, మొలకని వేరుతో సహా తీసి గుడి ఆవరణలో నాటే పద్ధతి ఉంది, అది చేయండి, ఎవరి మనసూ నొచ్చుకోదు.

చెట్టుకి మందు పెట్టి చంపడం గురించి ఎవరో ఈ ప్రశ్న కింద రాశారు. దయచేసి ఆ పని చేయకండి. మానుకి తూటు వేసి మందు పోసినా, మొదట్లో యాసిడ్ పోసినా అది నేరం. భారతీయ న్యాయ సంహిత 324 కింద ఆస్తికి నష్టం చేసిన కేసు పడుతుంది, నష్టం విలువ పెరిగేకొద్దీ శిక్షా పెరుగుతుంది. పైగా నిలువునా ఎండిన చెట్టు పచ్చి చెట్టుకన్నా ప్రమాదం, అది పడేది మీ ఇంటి మీదే కావచ్చు.

కాయల విషయం త్వరగా చెప్పేస్తాను. కొమ్మ మీ గాలిలో ఉన్నా కాయ చెట్టుగలవారిదే. రాలి మీ వాకిట్లో పడినా వాళ్లదే. కోసుకుని అమ్ముకుంటే దొంగతనం కేసు పెట్టే వీలుంది: భూమికి అంటి ఉన్నంతవరకు చెట్టు స్థిరాస్తి, తెంపిన క్షణం నుంచి కాయ అయినా కలప అయినా చరాస్తి, దాన్ని దురుద్దేశంతో పట్టుకుపోతే దొంగతనమే. కొట్టిన కొమ్మల్ని గోడ పక్కన పేర్చి "వచ్చి తీసుకెళ్లండి" అని కబురు పెట్టండి. వాట్సాప్‌లో పెడితే ఇంకా మంచిది, తేదీతో సహా ఉంటుంది. పనస కలపకి మంచి ధర ఉంది, తలుపులకీ మృదంగానికీ వాడతారు, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మాను కొట్టి కలప బండెక్కించాలంటే 1980 నాటి ఒడిశా కలప రవాణా నియమాల సంగతి చూసుకోవాలి. పర్మిట్ లేకుండా పాతపట్నం సామిల్లుకి తోలుకుపోతే దారిలో అటవీ వాళ్లు ఆపుతారు, రాష్ట్రం సరిహద్దు కూడా దాటుతున్నారు కదా. ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి కదపండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, చెట్టు కూలడం. మన వైపు ఇది ఊహకి సంబంధించిన మాట కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. మూడూ అక్టోబర్ రెండో వారమే. మన ఊళ్లల్లో కొమ్మలు తేలిక చేసే పని ఏదైనా సెప్టెంబర్ లోపు అయిపోవాలని నేను చెప్పేది అందుకే. పనస కాపు కూడా అప్పటికి అయిపోయి ఉంటుంది.

తిత్లీ తర్వాత నా దగ్గరికి ఒకే రకం నష్టంతో రెండు కుటుంబాలు వచ్చాయి. రెండిళ్ల మీదా పక్కవారి మామిడి చెట్టు పడింది. మొదటి కుటుంబం తుఫానుకి ముందు ఎండాకాలంలోనే పక్కవారికి ఒక ఉత్తరం ఇచ్చింది. బడికి వెళ్లే వాళ్ల అమ్మాయి ఒడియాలో రాసింది. "మీ చెట్టు మొదట్లో తొర్ర ఉంది, చెయ్యి మోచేతి దాకా దూరుతోంది, చుట్టూ చెదలు మట్టి కట్టింది, మా ఇంటి వైపు వాలింది, దయచేసి తీయించండి." అంతే. కింద అందుకున్నట్టు సంతకం, తేదీ. ఫోన్‌లో తొర్ర ఫొటో. రెండో కుటుంబం పదిసార్లు నోటితో చెప్పింది, కాగితం లేదు.

చెట్టుగలవాళ్లు ఇద్దరూ ఒకే మాట అన్నారు: "తుఫాను దేవుడు పంపింది, మేమేం చేస్తాం?" చట్టంలో ఈ వాదనకి చోటుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు అంత గాలికి వేళ్లతో లేచి పడితే అది దైవికం, ఎవరిదీ తప్పు కాదు. కానీ పుచ్చిపోయిందని తెలిసీ వదిలేసిన చెట్టు పడితే అది గాలి తప్పు ఒక్కటే కాదు. మొదటి కుటుంబానికి ఆ ఉత్తరం వల్లే లోక్ అదాలత్‌లో ఇంటి మరమ్మత్తు ఖర్చు చాలావరకు వచ్చింది. రెండో కుటుంబానికి తహసీల్ నుంచి వచ్చిన తుఫాను సాయం తప్ప ఏమీ రాలేదు. నష్టం ఒకటే, చెట్టు పరిస్థితీ దాదాపు ఒకటే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే రెండో ఇంటివాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల మాటకి రుజువు లేదంతే.

కాబట్టి ఉత్తరం ఈ వారమే రాయండి. అందులో తిట్లు, బెదిరింపులు వద్దు. చెట్టు ఏది, మొదలు ఎక్కడుంది, ఏ కొమ్మ ఎంతవరకు వచ్చింది, గోడకి ఏమైంది, ఏం చేయమంటున్నారు, ఎన్ని రోజుల్లో, ఇంతే. మీ పనసకి తొర్ర గానీ, పగులు గానీ, మొదట్లో పుట్టగొడుగులు గానీ, వాలు గానీ ఉంటే అవి విడిగా రాయండి, ఎందుకంటే రేపు కోర్టు అడిగేది అదే. పెద్దాయన తెలుగు చదువుతారు కాబట్టి తెలుగులో ఇవ్వండి, పక్కనే ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఒక ప్రతి పెట్టుకోండి. ఆఫీసుల్లో, కోర్టులో తెలుగు కాగితం చూపిస్తే అనువాదం తెమ్మంటారు. చేతికిస్తే సంతకం తీసుకోండి. తీసుకోకపోతే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు రుజువు కాగితం తీసి దాచండి.

జవాబు రాకపోతే ఎక్కడికి వెళ్లాలి? పోలీసు స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటర్, కోర్టుకి వెళ్లండి" అంటారు. చాలావరకు వాళ్లు చెప్పేది నిజమే. కొట్టుకునే దాకా వస్తే, బెదిరిస్తే అప్పుడు ఫిర్యాదు ఇవ్వండి.

చెట్టు పడిపోయేలా ఉండి మనుషులకి ప్రమాదం ఉంటే దగ్గరి దారి సబ్ కలెక్టర్ ఆఫీసు. సబ్ కలెక్టరే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ కూడా. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.) 133వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) 152వ సెక్షన్ కింద, ఇరుగుపొరుగు మీదో దారిన పోయేవారి మీదో పడేలా ఉన్న చెట్టుని తీయమని గానీ, ఊతం పెట్టమని గానీ ఆయన ఉత్తర్వు ఇవ్వవచ్చు. చెట్టుగలవారు వచ్చి కారణం చెప్పుకునే అవకాశం ఉంటుంది. కేవలం ఆకులు రాలుతున్నాయని, పెంకులు జారుతున్నాయని ఇక్కడికి వెళ్తే కాగితం వెనక్కి వస్తుంది. ప్రమాదం గురించే రాయండి, ఫొటోలు జతచేయండి.

కొమ్మ కరెంటు తీగల మీద ఉంటే మీరు గానీ, మీ మనిషి గానీ ముట్టుకోవద్దు. మన వైపు కరెంటు ఇచ్చే సంస్థ టీపీఎస్ఓడీఎల్ వాళ్లకి ఫిర్యాదు ఇవ్వండి, లైన్ ఆపి వాళ్లే కొడతారు. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ కింద లైనుకి అడ్డొచ్చే చెట్టుని మేజిస్ట్రేట్ ద్వారా తీయించే అధికారం ఉంది. లైను కన్నా ముందు నుంచే చెట్టు ఉంటే యజమానికి పరిహారం కూడా ఉంటుంది. ఈ చివరి మాట పక్కింటాయనకి చెప్పండి, చాలామందికి తెలియదు.

ప్రమాదం లేదు, ఇబ్బంది మాత్రమే అయితే సివిల్ కోర్టు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 38, 39 సెక్షన్ల కింద, కొమ్మలూ వేర్లూ తీయించి మళ్లీ రాకుండా చూసుకోమని ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం) అడగవచ్చు, గోడ ఖర్చు కలిపి అడగవచ్చు. కోర్టు ఒక కమిషనర్‌ని పంపి చోటు చూపించుకుంటుంది. ఆ రిపోర్టు మీదే కేసు సగం తేలుతుంది, కాబట్టి కమిషనర్ వచ్చిన రోజు ఇంట్లో ఉండండి, గీత చూపించండి. కానీ నిజం చెప్పాలంటే, ఒక్క పనస చెట్టు కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. దావాకి ముందే జిల్లా న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు పెడితే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఆడవాళ్లకి, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా వకీలుని ఇస్తారు. ఇంటి పట్టా మీ అమ్మగారి పేరున ఉంటే ఆవిడ పేరుతోనే దరఖాస్తు పెట్టండి.

వీధి పెద్దమనుషుల ముందు రాజీ చేసుకున్నా మంచిదే. అయితే కుదిరిన మాటని కాగితం మీద పెట్టండి: ఏ కొమ్మలు, ఏ నెలలో, ఖర్చు ఎవరిది, కలప ఎవరిది, మళ్లీ పెరిగితే ఎవరు కొట్టించాలి. ఒక్కోసారి పెద్దలు "ఆ రెండడుగుల ముక్క చెట్టుతో సహా నువ్వే కొనేసుకో" అని తీర్పు చెబుతారు. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొన్ని భాగాలు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ ఆ భూమి గిరిజనులదైతే 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులు కొనడం చెల్లదు. ఆ చట్టం వాళ్ల భూమి కాపాడటానికి పెట్టింది, దాన్ని తప్పించుకునే దారులు వెతకవద్దు.

కింద ఇంకొందరు అడిగిన వాటికి రెండు ముక్కలు. పక్కవారి చెట్టు నీడ వల్ల పెరట్లో ఏమీ పండటం లేదు అన్నవారికి: ఖాళీ స్థలానికి ఎండ, గాలి రావాలనే హక్కు ఎన్నేళ్లయినా పుట్టదని ఈజ్‌మెంట్స్ చట్టం 17వ సెక్షనే చెబుతోంది. కిటికీకి ఇరవై ఏళ్లుగా వస్తున్న వెలుతురు పూర్తిగా మూసుకుపోతే వేరే సంగతి. ఆకులు రాలుతున్నాయి అన్నవారికి: ఆకుల మీద దావా వేసి గెలవలేరు, ఊడ్చుకోవాల్సిందే. కొబ్బరి చెట్టు మా రేకుల షెడ్డు మీదికి వాలింది అన్నవారికి: ఇది మాత్రం తీవ్రమైనదే, కాయ పడి మనిషి పోవచ్చు. పైన చెప్పిన ఉత్తరం, తర్వాత సబ్ కలెక్టర్, అదే దారి. కాయలు ముదరకముందే దింపించమని వాళ్లని ఈ రోజే అడగండి.

అడిగినవారికి మళ్లీ: మీ ప్రశ్నలో రెండు విషయాలు లేవు. ప్రహరీ ఎవరు కట్టారు, మీరా వాళ్లా? చెట్టు మానుకి తొర్ర గానీ పగులు గానీ ఉందా? రెండోదానికి జవాబు అవును అయితే కొమ్మల మాట పక్కన పెట్టి ముందు దాని గురించే ఉత్తరం రాయండి. భూలేఖ్ నుంచి మీ ప్లాట్ నక్షా తీసి, పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెడితే గీత ఎటు పోతుందో చూసి చెప్తాను.